బోట్ నెక్కు, పాట్ నెక్కు, నా నెక్కు

మగ్గం వర్క్ చేసేటోళ్లకు నెక్కు అంటే మనిషి మెడ కాదు, బ్లౌజు మెడ. పొద్దున లేస్తే ఫోన్ల అవే బొమ్మలు. బోట్ నెక్కు, పాట్ నెక్కు, వెనక డీప్ నెక్కు. "అక్కా, నెక్కుకు కుందన్ ఎక్కువ పెట్టు, చేతులకు తక్కువైనా సరే" అంటరు. పదమూడేండ్ల సంది మందికి నెక్కులు కుట్టుకుంట కూసున్న నాకు, నాకు సుత ఒక మెడ ఉన్నదన్న సంగతి 2024 ఫిబ్రవరిల తెలిసింది.

ఆ నెల మాఘమాసం పెండ్లిళ్లు ఒక దిక్కు, మేడారం జాతర ఇంకో దిక్కు. ఇంట్ల అందరు జాతరకు పోయిన్రు. తొమ్మిది రోజులల్ల పదకొండు బ్లౌజులు ఇయ్యాలె గనుక నేను పోలే. అత్తమ్మ నా పేరు మీద తల్లులకు బంగారం, అంటె బెల్లం, ఇచ్చి, మిగిలిన ముక్క తెచ్చి చేతుల పెట్టింది. ఆ తెల్లారి పొద్దుగాల ఎడమ పక్కన ఫోన్ అలారం మోగుతుంటె ఆపుదామని తల తిప్పబోయిన. తిరగలే. జబ్బ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. తిరగాల్నంటె మొత్తం మనిషిని తిరగాలె, కట్టె దొర్లినట్టు. అలారం అట్లనే మోగుకుంట ఉన్నది, నేను కండ్లు మూసుకొని పడుకున్న.

మా ఇల్లు వరంగల్ కొత్తవాడల. అత్తగారిది దర్రీలు, అంటె కింద పరుసుకునే జంపకానలు, నేసే ఇల్లు. 2018ల వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, ఈ సరుకు ఈ ఊరిదే అన్న ముద్ర, వచ్చిందంటె మామయ్య నవ్విండు, "గుర్తింపు వచ్చేనాటికి మన గుంట మగ్గం పూడ్చేస్తిమి" అని. ఆ గుంట మగ్గం ఉన్న అర్రలనే ఇప్పుడు నా మగ్గం. పేరు ఒక్కటే, పని వేరు. మామయ్య మగ్గం ఎక్కితె కాళ్లు తొక్కుతుండె, చేతులు నాడె విసురుతుండె, పెయ్యి మొత్తం ఊగుతుండె. నా మగ్గం నాలుగు కట్టెల ఫ్రేము. బట్టను బిగగుంజి కట్టి, కింద దారం పట్టుకొని ఒక చెయ్యి, మీద సూది పట్టుకొని ఒక చెయ్యి. సూది తప్ప ఏదీ కదలదు. తలకాయ వంగిందంటె వంగినట్టే, మళ్ల అన్నం యాళ్లకు లేసుడు.

మొదలు అందరింట్ల అయ్యేదే మా ఇంట్ల అయింది. అత్తమ్మ నా దిండు తీస్కపోయి డాబా మీద ఎండకు పెట్టింది. మెడ పడితె దిండును ఎండల పెట్టాలన్నది ఆమె పుట్టింటికెల్లి తెచ్చుకున్న వైద్యం. నొప్పి మెడకు, ఎండ దిండుకు! ఉప్పు మూట కట్టి కాపిన్రు. జండూబామ్ సీస సగమైంది. మా ఆయన, "మంగలి షాపుల ఒక్క విరుపు విరిస్తె పోతది, నాకు ఎన్నిసార్లు పోలే" అన్నడు. నేనే భయపడి వద్దన్న. ఆ భయం మంచిదేనని తర్వాత తెలిసింది. మెడల నుంచే మెదడుకు రక్తం తీస్కపోయే నాళాలు ఉంటయట. గబుక్కున మెలి తిప్పితె, అరుదుగనే అనుకోండ్రి, వాటి గోడ చిరిగి పక్షవాతం దాంక పోయిన కేసులున్నయట.

వారమైనా తగ్గకపోతె ఒక డాక్టర్ తానకు పోయిన. ఆయన ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి చూసిండు. "మెడ ఎముకలు అరిగినయమ్మా. ఐదు, ఆరు నడుమ సందు తగ్గింది. ఈ మగ్గం పని బంద్ చెయ్యాలె" అన్నడు. గోలీలు రాసి, కాలర్ రాసి, పది రోజులు మెడకు మిషన్‌తోని కరెంటు పెట్టించుకొమ్మన్నడు. మొత్తం మూడు నిమిషాలు.

నిజం చెప్తున్న, నొప్పికంటె ఆ "అరిగినయి" అన్న మాటనే నన్ను ఎక్కువ పండవెట్టింది. చెప్పు అరిగితె కొత్తది కొంటం. మెడ అరిగితె? నాకప్పుడు నలభై ఒకటి. ఇద్దరు పిల్లల ఫీజులు, మామయ్య గోలీలు, చిట్టి, అన్నిట్ల నా సూది సంపాదన ఉన్నది. ఆ రాత్రి ఫోన్ల మెడ అరుగుదల గురించి ఎన్ని వీడియోలు ఉన్నయో అన్ని చూసిన. చూడకపోతె బాగుండు. తెల్లారెసరికి మెడ ఇంకింత బిగుసుకున్నది. తల తిప్పితె ఎముక ఎముకకు రాసుకొని పిండి రాలుతున్నట్టు ఊహ. గిన్నె తోముకుంట సుత తల కదలకుండ చూసుకునేదాన్ని.

కాలర్ మూడు వారాలు పెట్టిన. మార్చి ఎండల మెడకు స్పాంజి పట్టీ కట్టుకొని పోచమ్మమైదాన్‌ల కూరగాయలు కొనుడు ఎట్లుంటదో అనుభవించినోళ్లకు తెలుస్తది. ప్రతి ఒక్కరు ఆపి అడుగుడు, ప్రతి ఒక్కరికి వాళ్ల చుట్టాలల్ల ఎవరికో మెడ ఆపరేషన్ అయిన కత చెప్పుడు. కాలర్ ఉన్నంత సేపు హాయిగనే ఉంటుండె. తీసినప్పుడు మాత్రం సన్న కట్టె మీద నీళ్ల కుండ పెట్టినట్టు తలకాయ బరువైతుండె. ఇగ కరెంటు సంగతి. నాలుగు ప్యాడ్లు అంటించి మిషన్ పెడితె చీమలు పాకినట్టు మంచిగ ఉంటుండె, నిద్ర వస్తుండె. రోజుకు 250, పది రోజులు. ఆటోల తిరిగి వచ్చేదాంక సుఖమే. మగ్గం ముందు అర్ధ గంట కూసుంటె మళ్ల మొదలు.

ఒక బ్లౌజు తీస్కపోనీకి వచ్చిన కస్టమర్ నా కాలర్ చూసి, నయీంనగర్ దిక్కు ఒక ఫిజియో మేడం ఉన్నదని, మిషన్లకంటె వ్యాయామాలే ఎక్కువ చేపిస్తదని చెప్పింది. వ్యాయామం అంటె నాకు నవ్వొచ్చింది. బిందెలు మోసేది నేను, సిలిండర్ జరిపేది నేను, ఇంక వ్యాయామం దేనికి? అయినా పోయిన. ఫస్ట్ ఫ్లోర్‌ల చిన్న గది. రెండు మంచాలు, గోడకు నిలువెత్తు అద్దం, కిటికీ గ్రిల్లుకు కట్టిన రబ్బరు పట్టీలు. మిషన్ ఒకటి మూలకున్నది, మీద గుడ్డ కప్పి. మేడం అంటె మేడం కాదు, ముప్పై నిండని పిల్ల. నన్ను "అక్కా" అన్నది.

నలభై నిమిషాలు ముచ్చట పెట్టింది. ఎప్పుడు ఎక్కువుంటది, నొప్పి నిద్రల నుంచి లేపుతదా, జ్వరమొస్తున్నదా, బరువు తగ్గినవా, ఎక్కడన్న పడ్డవా, ఒంటేలుకు ఇబ్బంది ఉన్నదా. మెడ నొప్పికి ఒంటేలుకు ఏం సంబంధమే అనుకున్న. మెదడు నుంచి కిందికి పోయే వెన్నుపాము మెడల నుంచే పోతది గద, అక్కడ ఒత్తుకుంటె నడక, ఒంటేలు అన్నీ దెబ్బతింటయని చెప్పింది. సిన్న రబ్బరు సుత్తె పట్టి మోచేతుల కాడ కొట్టి చూసింది. తన వేళ్లు గట్టిగ పిసకమన్నది. మడమకు వేళ్లు ఆనిచ్చుకుంట తాడు మీద నడిచినట్టు నడిపిచ్చింది. అన్ని సక్కగున్నయన్నది.

ఎక్స్‌రే ముందల పెట్టి, "ఇండ్ల అరిగింది అని రాసిండ్రు మేడం" అన్న. గొంతు వణికింది. ఆమె ఎక్స్‌రేను చూసి పక్కకు పెట్టి, "కొత్తవాడ అన్నవు గదా అక్కా, మీ ఇంట్ల పాత దర్రీ ఉన్నదా?" అని అడిగింది. ఉన్నది, మామయ్య నేసిందే, ఇరవై ఏండ్లది. "రంగు పోయిందా?" పోయింది. "పోగులు సన్నబడ్డయా?" అక్కడక్కడ. "మరి దాని మీద పండుకుంటలేరా?" రోజు పండుకుంటం. "గంతే అక్కా. నీ వయసోళ్లను పది మందిని రోడ్డు మీద ఆపి ఎక్స్‌రే తీస్తె, నొప్పి లేనోళ్ల మెడలల్ల సుత ఇసొంటి మార్పులు కనవడ్తయి. ఎక్స్‌రేల ఉన్నది అబద్ధం కాదు. కాని నీ నొప్పికి అదొక్కటే కారణమని చెప్పరాదు. మనం చిరగకుండ చూసుకుందం, గట్టిపరుసుకుందం."

నేను ఆ రోజు ఇంకేం చేయించుకోకుండ ఇంటికి పోయినా నా 300 రూపాయలు వసూలైనట్టే.

అయితె ఆమె పోనియ్యలే. నేను పనిల ఉన్నప్పుడు వీడియో తీపిచ్చుకొని రమ్మన్నది. నా తాన పని నేర్చుకునే పిల్లలు ఇద్దరున్నరు, వాళ్లతోని తీపిచ్చిన. మేడం దాన్ని ముందుకు జరుపుకుంట చూసింది. ఇరవై నిమిషాల వీడియోల నా తల మొత్తం మీద రెండుసార్లు లేసింది, రెండుసార్లు దారం తెగినందుకు. ఇంకోటి చూపెట్టింది. నా తల వంగుడే కాదు, ఎడమకు ఒరిగి ఉన్నది. ఎందుకంటె ట్యూబులైట్ నా వెనక గోడకున్నది. నా నీడ నా బట్ట మీదనే పడుతున్నది. ఆ నీడను తప్పించుకోనీకి పదమూడేండ్లుగ మెడ పక్కకు వంచుకొని కుడుతున్న. ఇంట్ల ఒక్కరికీ కనబడలే, నాకు సుత కనబడలే.

"మనిషి తలకాయ నాలుగున్నర, ఐదు కిలోలుంటది" అని చెప్పి, నీళ్ల డబ్బా ఒకటి చేతికిచ్చింది. ముందు రొమ్ముకు ఆనిచ్చి పట్టుకొమ్మన్నది, తర్వాత చెయ్యి చాపి. చాపిన చెయ్యి నిమిషంల వణుకుడు మొదలుపెట్టింది. "నీ మెడ వెనక కండరాలు రోజంత చేస్తున్న పని ఇదే."

ఇగ అసలు సంగతికొస్త. నన్ను మంచం మీద ఎల్లెలుకల పండవెట్టి, మోకాళ్లు మడిపిచ్చి, తల కింద మడతవెట్టిన తువ్వాల పెట్టింది. మెడ కింద సందుల బీపీ చూసే మిషన్ పట్టీ మడిచి దూర్చింది. దీనికి వేరే పరికరమే ఉంటదట, తన తాన బీపీ పట్టీ ఉన్నదట, పని అయితదట. బుంగ నొక్కి గాలి కొట్టి సూదిని 20 కాడ నిలబెట్టింది. గడియారం లెక్కున్న ఆ డబ్బాను నా కండ్ల ముందల పట్టుకొని, "అక్కా, ఎవరో అడిగితె అవును అంటం గదా, గట్ల గడ్డం కొంచెం కిందికి వంచు. తల లేపద్దు. సూది 22 కాడికి రావాలె. వచ్చినంక పది సెకన్లు ఆపు" అన్నది.

గింతేనా అనుకొని వంచిన. సూది 34 కాడికి దుంకింది. "కాదక్కా, మెడ పక్కల తాళ్లు తేలినయి చూడు. అవి పెద్ద కండరాలు. వాటిని పనిల పెట్టద్దు." మళ్ల మెల్లగ. సూది 22 దాటి 26కు పోయింది. మళ్ల. ఈసారి 22 కాడికొచ్చి కోడిపిల్ల లెక్క వణుకుడు మొదలుపెట్టింది. మూడు సెకన్లకు జారి 20కి పడ్డది. నుదుటి మీద చెమట. జీవితమంత సూదితోనే బతికిన, పూసల నడుమల నుంచి తల వెంట్రుకంత సందుల సూది దించుత, గా డబ్బాల సూదిని రెండు గీతలు జరిపి ఆపుడు మాత్రం నాతోని కాలే. రోషం వచ్చింది. ఆ రోషమే మంచిదైంది అనుకుంట.

ఆమె చెప్పిన లెక్క ఇది. మెడ ముందర, గొంతు వెనక, ఎముకలకు ఆనుకొని లోపల సన్న కండరాలుంటయి. వాటి పని తలను నిలబెట్టుడు. నొప్పి వచ్చినోళ్లల్ల అవి పనికి ఎగ్గొడ్తయి. అప్పుడు పైన ఉన్న పెద్ద కండరాలు వాటి పనిని సుత మీదేసుకొని అలిసి గట్టిపడ్తయి. పట్టేసినట్టు మనకు తగిలేవి అవే. వాటిని ఎంత పిసికినా, ఎంత కరెంటు పెట్టినా, ఎగ్గొట్టినోడు పనికి రాకపోతె లాభం లేదు. నాకు సమజైంది. వర్కర్ రాకపోతె సేటమ్మ రాత్రంత కుట్టినట్టు.

పది సెకన్లు, పది సార్లు, పొద్దున మాపు. 22 కాడ పది సార్లు వణకకుండ వస్తేనే 24కు పోవాలె. ఆఖరుకు 30. ఇంట్ల మిషన్ లేకుంటె గొంతుకు ఇరు పక్కల వేళ్లు పెట్టుకొని చూసుకొమ్మన్నది. కింద మెత్తగుంటె సరిగ్గ చేస్తున్నట్టు, గట్టిగ తాళ్లు తగిలితె తప్పు. మా ఆయన ఈ కత విని, "కరెంటు పెట్టలే, గోలీ ఇయ్యలే, తలకాయ ఊపుమని 300 తీసుకున్నదా?" అన్నడు. నాకు సుత లోపల గదే అనుమానం ఉండె, కాని ఆయన అన్నడు గనుక నేను ఫిజియో దిక్కు మాట్లాడిన.

పొద్దున ఆరింటికి మామయ్య నేసిన దర్రీ మీద పండుకొని మొదలువెట్టిన. అత్తమ్మ వాకిలి ఊడ్వనీకి పోవుకుంట చూసి ఆగింది. "ఎవరితోనే, అవునవును అంటున్నవు?" అన్నది. నవ్వుతె లెక్క తప్పుతది. పది రోజులు ఇదే తంతు.

తర్వాత ఒక్కొక్కటి కలిపింది. కూసొని గడ్డం వెనకకు గుంజుడు. అద్దంల చూస్తె మనకే రెండు గడ్డాలు కనవడ్తయి, ఎవరూ లేనప్పుడు చేసుకునుడు మేలు. అరచెయ్యి నుదుటికి పెట్టి, తల కదలకుండ చేతిని నెట్టుడు. అట్లనే రెండు పక్కల, వెనక. రబ్బరు పట్టీని కిటికీకి కట్టి మోచేతులు వెనకకు గుంజుకుంట జబ్బల వెనక ఎముకలు రెండు దగ్గరికి తెచ్చుడు. మెడకు నొప్పి అయితె జబ్బలకు ఎందుకని అడిగిన. మెడ నుంచి జబ్బకు దిగే కండరాలే చేతుల బరువును మోస్తయి, జబ్బలు ముందుకు జారి ఉంటె ఆ బరువంత మెడకు వేలాడుతదని చెప్పింది. పట్టీ మొదలు పసుపు రంగుది, నెలకు ఎర్రది, దానికంటె గట్టిది. పసుపు తర్వాత ఎరుపు, మొత్తానికి పసుపు కుంకుమ ఇచ్చి పంపింది.

అంతా సాఫీగ పోలే. మూడో వారంల కొంచెం నిమ్మళమైంది గదా అని ఎగిరిన. ఉగాదికి ముందు నాలుగు బ్లౌజులు ఒప్పుకున్న, మీదికెల్లి ఆమె చెప్పిన లెక్కకు డబల్ చేసిన, తొందరగ తగ్గుతదని. ఉగాది తెల్లారి కుడి చెయ్యి మొత్తం గుంజుడు, బొటనవేలు చూపుడువేలు తిమ్మిర్లు. సూది పట్టుకునే వేళ్లే అవి. ఏడ్చిన. "అరిగినయి" మళ్ల మతికొచ్చింది. ఆటో ఎక్కి పోయిన. మేడం మళ్ల సుత్తె కొట్టింది, మళ్ల వేళ్లు పిసికిచ్చింది, సూదిల దారం ఎక్కియ్యమన్నది. ఎక్కిచ్చిన. "బలం తగ్గలే అక్కా. ఐదు, ఆరు నడుమ నుంచి వచ్చే నరం ఆ రెండు వేళ్లకు పోతది, అది కొంచెం చిరాకు పడ్డది. బంద్ చెయ్యద్దు, తగ్గిద్దం" అని సగానికి తెచ్చింది. చేతిని నెట్టుడు ఆపి, ఉత్త తల ఊపుడు, మెల్లగ పక్కలకు తిప్పుడు ఉంచింది.

అప్పుడు చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ పాటిస్త. సున్న నుంచి పది దాంక నొప్పికి నంబరు ఇయ్యాలె. చేసేటప్పుడు రెండో మూడో పెరిగితె భయం లేదు. తెల్లారెసరికి మళ్ల పాత నంబరుకు రావాలె. రాకపోతె నిన్న ఎక్కువైనట్టు, ఇయ్యాల తగ్గియ్యాలె. ఇంకో మాట గట్టిగ చెప్పింది. చేతులల్ల నుంచి వస్తువులు జారిపోతున్నా, సూదిల దారం, బ్లౌజు హుక్కులు పెట్టుకోరాకున్నా, నడకల తూలుడు వచ్చినా, ఒంటేలు తెల్వకుండ పోయినా వ్యాయామం పక్కకు పెట్టి అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలె, తన తానకు సుత రావద్దు. తిమ్మిర్లు పన్నెండు రోజులకు పోయినయి.

మగ్గాన్ని సుత మార్చినం. ఫ్రేము కింద రెండేసి ఇటుకలు పెట్టి లేపిచ్చిన, ముందుకు కొంచెం వాలేటట్టు. నేను కింద చాపల కూసునేది మానుకొని ఎత్తు పీట ఏసుకున్న. ట్యూబులైట్‌ను మగ్గానికి ఎదురుగోడకు మార్చిండు ఎలక్ట్రిషియన్, 200 తీసుకొని. నా లెక్కల ఆ 200 చేసిన పని కాలర్ చెయ్యలే. అర్ధ గంటకొకసారి లేవాలన్నది మేడం. ఫోన్ల అలారం పెట్టుకున్న, రెండు రోజులకే బంద్ చేసిన, ముడి కుట్టు నడుమ మోగితె పానం మీదికొస్తది. ఆఖరుకు పూసల గిన్నెలు దూరం జరిపినం. కుందన్ కావాల్నంటె లేవాలె, చెమ్కీ కావాల్నంటె లేవాలె. పిల్లలు మొదలు గొణిగిన్రు, తర్వాత వాళ్లే లేసినప్పుడల్ల జబ్బలు వెనకకు గుంజుకుంట నిలవడుతున్నరు.

మొత్తం ఎనిమిది సిట్టింగులు, 2400 రూపాయలు. పది రోజుల కరెంటుకు అయిన దానికంటె వంద తక్కువ. మే నెలాఖరుకు సూది 28 కాడ నిలబడ్డది. నొప్పి నంబరు ఏడు నుంచి రెండుకొచ్చింది. సున్న కాలే. తగ్గినట్టు నాకు ముందుగాల తెలిసింది నొప్పి పోయినందుకు కాదు. ఎంజీఎం దవాఖాన ముందల స్కూటీ మీద పోతుంటె వెనక హారన్ వినిపిస్తె గబుక్కున తిరిగి చూసిన. చూసినంక సోయి వచ్చింది, చూడగలిగిన అని.

సెప్టెంబర్‌ల ఇంకో భయం మొదలైంది. బతుకమ్మ. తల మీద తాంబాలం ఎత్తుకోవాలె. మేడంకు ఫోన్ చేసి అడిగితె, వద్దంటదనుకున్న. "ఎంతుంటదక్కా?" అన్నది. ఆమెకు తెల్వదా, ఆమె సుత ఎత్తుకుంటది గదా! "కిలో బియ్యం పొట్లం చుట్టబట్ట మీద పెట్టుకొని డాబా మీద అయిదు నిమిషాలు నడువు. వారానికి అర్ధ కిలో పెంచు" అన్నది. పక్కింటి వదినె డాబా మీదికెల్లి చూసి అత్తమ్మను అడిగిందట, కోడలు ఏం మొక్కు మొక్కుకున్నదని. అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చి రెండడుగుల బతుకమ్మను ఎత్తుకొని పోయిన. ప్రతి ఏడు చేసే దానికంటె జానెడు తక్కువ. వచ్చేటప్పుడు ఖాళీ తాంబాలం బిడ్డకిచ్చిన.

మళ్ల పెండ్లిళ్ల సీజన్ వస్తె మెడ మళ్ల పట్టింది, రెండు రోజులు. ఈసారి యూట్యూబ్ తెరువలే, లెక్క సగానికి తగ్గించిన, మూడో రోజు కూసున్న. పొద్దున వ్యాయామం వారంల నాలుగు రోజులు చేస్త, మూడు రోజులు ఎగ్గొడ్త. ఎగ్గొట్టిన వారం మెడ చెప్తది.

కస్టమర్లు "అక్కా, ఆ వ్యాయామాల వీడియోలు పంపరాదు" అంటరు. పంప. నాకు జబ్బలు గట్టిపడాల్సి ఉండె, తిమ్మిర్లున్నప్పుడు తగ్గియ్యాల్సి ఉండె. మీ మెడల ఏమున్నదో ముందు ఎవరన్న సుత్తె పట్టి చూడాలె గదా. నయీంనగర్ అడ్రసు మాత్రం ఇస్త. కాలర్ అడిగితె మాత్రం ఇయ్యరాదు. దాన్ని పిల్లలు నడిమికి కోసి మగ్గం కట్టెకు కట్టిన్రు. మంచి స్పాంజి, సూదులు గుచ్చుకోనీకి ఎంత బాగున్నదో.

అత్తమ్మ ఇప్పటికి సుత నేను మెడ పట్టుకున్నట్టు కనవడితె దిండు తీస్కపోయి డాబా మీద పెడ్తది. నేను వద్దన. ఎండకు ఎండిన దిండు రాత్రికి మంచిగుంటది.